పవర్ గ్రిడ్‌లో ముందు పరుగెత్తినవాడు ఎందుకు ఓడిపోతాడు

విజయనగరం నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నలుగురు స్నేహితులు కలిసి మొదటిసారి పవర్ గ్రిడ్ ఆడారు, కరెంటు ప్లాంట్లు కొని ఊళ్లకి లైన్లు వేసే బోర్డు ఆట. అందరికంటే ఎక్కువ ఊళ్లకి లైను వేసింది మీరే. కానీ బొగ్గు కొనే వంతు వచ్చేసరికి ధర పైకెక్కిపోయి, డబ్బు చాలక ఒక ప్లాంటు ఆపుకోవాల్సి వచ్చింది. చివరికి మూడో స్థానం. "బాగా ఆడినవాణ్ని శిక్షించే ఆట ఇది. ఆటా, లెక్కల పరీక్షా? సొంతానికి కొనుక్కోవచ్చా? భూమిలోంచి, నీటిలోంచి శక్తిని తీసే ఆటలు ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు.

కొనుక్కోండి. మీ గుంపు మొదటి ఆటలోనే బొగ్గు దగ్గర కొట్టుకుందంటే మీకు సరిపోయే ఆటే. ఇక శిక్ష సంగతి. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఈ ఆట కొత్తవాళ్లకి నేర్పినప్పుడల్లా ఎవరో ఒకరు సరిగ్గా మీ మాటే అంటారు. ఆ మధ్య మా బావమరిదయితే సగం ఆటలో లేచి, "ఏటి బావా ఇది, ముందుకెళ్తే తంతారేటి?" అన్నాడు. అవును, తంతారు. ఆట మొత్తం ఆ తన్ను చుట్టూనే కట్టారు. అది అర్థమయ్యేదాకా ఇది కూడికలు, తీసివేతల్లాగే ఉంటుంది.

దీన్ని తయారుచేసింది జర్మనీలోని బ్రెమెన్‌కి చెందిన ఫ్రీడెమాన్ ఫ్రీజె. 2001లో వచ్చిన తొలి రూపంలో లైన్లని పటం మీద క్రేయాన్‌తో గీసుకునేవారు. 2004లో దాన్ని తిరగరాసి, గీతలు తీసేసి, ఊరికీ ఊరికీ మధ్య లైను ఖర్చు పటం మీదే అచ్చువేశారు. ఇప్పుడు అందరూ ఆడేది ఆ రూపమే. ప్రతి రౌండులో ప్లాంట్ల వేలం, ఇంధనం కొనడం, ఊళ్లు కలపడం, కరెంటిచ్చి డబ్బు తీసుకోవడం జరుగుతాయి. చెప్పడానికి పది నిమిషాలు చాలు. కార్డుల మీద అంకెలు, బొమ్మలు తప్ప రాత లేదు కాబట్టి ఇంట్లో ఇంగ్లీషు రానివాళ్లకి కూడా తెలుగులో హాయిగా నేర్పొచ్చు.

కీలకమంతా వరసలో ఉంది. ఎవరికి ఎక్కువ ఊళ్లున్నాయో వాళ్లు వరసలో ముందు. సమానమైతే పెద్ద నంబరు ప్లాంటు ఉన్నవాళ్లు ముందు. ముందుండటం గొప్పే కదా అనుకుంటాం. వేలంలో మొదట నోరు తెరవాల్సింది ఆ ముందున్నవాడే. అతను ప్లాంటు పాడుకున్నాక దాని స్థానంలో ఏ కార్డు తేలుతుందో వెనకున్నవాళ్లు చూస్తూ కూర్చుంటారు. చివర మిగిలినవాడికి పోటీ ఉండదు, కనీస ధరకే ప్లాంటు దక్కుతుంది (కార్డు మీదున్న నంబరే ఆ కనీస ధర). ఆ తర్వాత ఇంధనం కొనడం, ఊళ్లు కలపడం రెండూ తిరగేసిన వరసలో జరుగుతాయి. అందరికంటే వెనకున్నవాడు చవక బొగ్గు ఎత్తుకుపోతాడు, మంచి ఊరు కూడా అతనే పట్టేస్తాడు. ముందున్నవాడికి మిగిలినదే గతి.

ఈ చివరి మాట ఎంత బరువో అంకెల్లో చూస్తే తప్ప తెలీదు. నలుగురి ఆటలో మొదటి రౌండు తీసుకోండి. బొగ్గు గళ్లు 1 నుంచి 8 ఎలెక్ట్రోల (ఆటలో డబ్బు పేరు అదే) దాకా, ఒక్కో ధరకి 3 చొప్పున, మొత్తం 24 నిండి ఉంటాయి. ముగ్గురి దగ్గర బొగ్గు ప్లాంట్లున్నాయి: ఒకరిది రౌండుకి 2 తింటుంది, ఇంకొకరిది 3, ముందున్నవాడిది 2. ఎవరికి కావలసినంతే వాళ్లు కొంటే వెనకున్నవాడికి 2 ఎలెక్ట్రోలు, మధ్యవాడికి 5, ముందున్నవాడికి 5 పడుతుంది. పెద్ద తేడా లేదు. పైగా రౌండు చివర నలుగురి ఆటలో 5 బొగ్గులు తిరిగి బజారులోకొస్తాయి, ఖరీదైన ఖాళీ గడి నుంచి కిందికి నింపుకుంటూ. కాబట్టి వచ్చే రౌండుకి ధర మళ్లీ 1 దగ్గరే మొదలవుతుంది.

ఇప్పుడు అదే ముగ్గురూ నిల్వ చేసుకున్నారనుకోండి. ప్లాంటుకి కావలసినదానికి రెట్టింపు దాకా దాని మీద పెట్టుకోవచ్చని నియమం. వెనకున్నవాడు 4 తీసుకుంటాడు, 5 ఎలెక్ట్రోలు. మధ్యవాడు 6 తీసుకుంటాడు, 17. ముందున్నవాడు 4 తీసుకోవాలంటే 18 పెట్టాలి. ఒకే సంఖ్యలో బొగ్గు, ఒకరికి 5, మరొకరికి 18! చేతిలో మొదట ఉన్నది 50 ఎలెక్ట్రోలే, అందులో ప్లాంటుకి ముందే కొంత పోయింది. రౌండు చివర 5 వచ్చి చేరినా బొగ్గు ధర 4 దగ్గర మొదలవుతుంది, 1 దగ్గర కాదు. ఆ దెబ్బ నిల్వ లేనివాళ్లందరికీ తగులుతుంది. మీ ఆటలో మీకు జరిగింది ఇదే అని నా గట్టి అనుమానం. మీ స్నేహితుల్లో ఎవరో ఒకరు, తెలిసో తెలియకో, రెట్టింపు కొన్నారు.

వామనగుంటలు ఆడినవాళ్లు ఈ బజారుని తొందరగా పట్టేస్తారు. చేతిలోని గింజలు ఏ గుంటలో అయిపోతాయో ముందే కంటితో లెక్కపెట్టే అలవాటు కదా వాళ్లది, ఇక్కడ కూడా తన వంతొచ్చేసరికి బొగ్గు ఏ గడి దాకా ఖాళీ అవుతుందో చూసుకోవాలి. మా ఇంట్లో కాలేజీ కుర్రాళ్లకంటే మా పిన్ని ఈ లెక్క ముందు చెప్తుంది.

నిల్వ నియమాన్ని చాలామంది ఆటకోసం అతికించిన కిటుకు అనుకుంటారు. నిజానికి ఈ ఆటలో నాకు అన్నిటికంటే నిజాయితీగా కనిపించే నియమం అదే. ఆముదాలవలస గేటు దగ్గర ఎప్పుడైనా ఆగితే చూసే ఉంటారు, దక్షిణానికి వెళ్లే బొగ్గు గూడ్సులు. ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు ఈ దారినే పరవాడలోని సింహాద్రికి వెళ్తుంది. 2,000 మెగావాట్ల ప్లాంటు, రోజూ తినాలి. గూడ్సు ఆలస్యమైతే యార్డులోని గుట్టే దిక్కు. 2021 అక్టోబరులో దేశంలో చాలా థర్మల్ ప్లాంట్ల దగ్గర నిల్వ నాలుగైదు రోజులకి పడిపోయినప్పుడు పేపర్లన్నీ ఆ గుట్టల గురించే రాశాయి. బల్ల మీద ఆ రెండు అదనపు చెక్క ముక్కలు చేసే పని అదే, పక్కవాడికి అందకుండా చేయడం అనే దుర్బుద్ధి మాత్రం ఆటలో అదనం.

ఇక "ముందుకెళ్లకపోతే ఎలా గెలుస్తాం?" అన్న ప్రశ్న. నలుగురి ఆటలో ఎవరైనా 17వ ఊరు కలిపిన రౌండుతో ఆట ముగుస్తుంది. గెలుపు మాత్రం ఎక్కువ ఊళ్లు కలిపినవాడిది కాదు, ఆ రౌండులో ఎక్కువ ఊళ్లకి కరెంటు ఇచ్చినవాడిది. సమానమైతే చేతిలో డబ్బు ఎక్కువున్నవాడిది. మీ ఓటమి ఇక్కడే ఉంది. లైను వేసిన ఊళ్లు మీకెక్కువ, దీపం వెలిగిన ఊళ్లు తక్కువ.

రాబడి పట్టిక కూడా అదే చెబుతుంది, దాన్ని ఒకసారి నిదానంగా చదవండి. ఒక ఊరికి కరెంటిస్తే 22, రెండింటికి 33, మూడింటికి 44. అంటే మొదట్లో ఒక్కో ఊరు రౌండుకి 11 తెస్తుంది. 6 ఊళ్లకి 73, 7కి 82, అక్కడ 9. 16 ఊళ్లకి 138, 17కి 142. ఆ పదిహేడో ఊరు తెచ్చేది 4 ఎలెక్ట్రోలు. దాన్ని కలపడానికి ఆ ఊళ్లో పెట్టే ఇంటి ముక్కకి 10 నుంచి 20, పైన లైను ఖర్చు. ఎప్పటికి తిరిగొస్తుంది? రాదు. చివరి ఊళ్లు గెలవడానికి కొనేవి, సంపాదించడానికి కాదు. అందుకే ఆరితేరినవాళ్లు మధ్య ఆటలో చేతులు కట్టుకు కూర్చున్నట్టు కనిపిస్తారు. డబ్బు దగ్గర పెట్టుకుని, వరసలో మూడో నాలుగో స్థానంలో ఉండి, ఒకే రౌండులో నాలుగైదు ఊళ్లు కలిపి ముగించేస్తారు. చూసేవాళ్లకి అది అదృష్టంలా ఉంటుంది.

7వ ఊరు గురించి ఒక మాట. ఎవరైనా 7 ఊళ్లు కలిపితే, ఆ రౌండులో అందరూ ఊళ్లు కలపడం అయ్యాక రెండో దశ మొదలై, అప్పటిదాకా ఊరికి ఒక్కరే ఉన్న చోట రెండో వాడికి 15 ఎలెక్ట్రోలకి చోటు తెరుచుకుంటుంది. మీరు ఎస్సెన్, డ్యూయిస్‌బర్గ్ వైపు చవక ఊళ్లన్నీ పట్టి కూర్చుని (ఆ రెండింటి మధ్య లైను ఖర్చు సున్నా), పక్కవాళ్లు దారిలేక గింజుకుంటుంటే, 7వ ఊరు కలిపి వాళ్లకి తలుపు తీయకండి. వాళ్ల చేతే తీయించండి. మీరే ఇరుక్కుని ఉంటే మాత్రం వీలైనంత త్వరగా తీసేయండి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, బొగ్గు దగ్గర తర్వాత.

ప్లాంట్ల విషయానికొస్తే, ఒక మనిషి దగ్గర మూడే ఉండాలి, నాలుగోది పాడుకుంటే ఒకటి పారేయాలి. కాబట్టి చిన్న ప్లాంట్ల కోసం మొదట్లో వేలం వేడెక్కనివ్వకండి. రెండు ఊళ్లకి కరెంటిచ్చే 10 నంబరు ప్లాంటుని 16కి, 17కి పాడటం చాలాసార్లు చూశాను, ఆ ఆరేడు ఎలెక్ట్రోలు ఒక ఇంటి ధరలో సగానికి పైనే. గెలిచే ఆఖరి మూడు ప్లాంట్లు ఏవై ఉండాలో మధ్యలోనే ఆలోచించుకోవాలి. ఉదాహరణకి 20, 25, 36 నంబర్లు మూడూ బొగ్గువి. వరసగా 5, 5, 7 ఊళ్లు, కలిపితే సరిగ్గా 17. అద్భుతం అనిపిస్తుంది కదా? మూడింటికీ కలిపి రౌండుకి 8 బొగ్గులు కావాలి. నలుగురి ఆటలో మూడో దశకి వచ్చేసరికి రౌండుకి తిరిగొచ్చే బొగ్గు 6 నుంచి 4కి పడిపోతుంది. ఒక్క రౌండు లాగొచ్చు. ఆట రెండు రౌండ్లు సాగితే, ఇంకొకరికి కూడా బొగ్గు ప్లాంటు ఉంటే, మీ పని అయిపోయినట్టే. నిజంగా తవ్వే భాగం ఈ ఆటలో లేదు గానీ, గని తరిగిపోతున్న భయం మాత్రం ఆ చిన్న పట్టికలోనే దాచారు.

ఇంధనాల్లో చెత్త మొదట 7 ఎలెక్ట్రోలు, ఎవరూ ముట్టరు. ముట్టకపోబట్టే రౌండు రౌండుకీ దిగుతుంది, అప్పుడు ఒక్కడే చెత్త ప్లాంటు పట్టినవాడు రాజు. (విశాఖలో కాపులుప్పాడ దగ్గర నిజంగానే చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. కొత్తవాళ్లు చెత్త ముక్కలు చూసి నవ్వితే అది చెప్తాను.) యురేనియం కూడా అంతే. మొదట రెండే ఉంటాయి, 14కీ 16కీ. నలుగురి ఆటలో మొదటి దశలో రౌండుకి ఒకటే చేరుతుంది. కానీ 11 నంబరు ప్లాంటు ఒక్క ముక్కతో రెండు ఊళ్లు వెలిగిస్తుంది. ఇద్దరు అణు ప్లాంట్లు తీసుకుంటే ఇద్దరూ మునుగుతారు, ఒక్కడే అయితే నిదానంగా బాగుపడతాడు. గాలిమరలకి ఇంధనం అక్కర్లేదు, కానీ 13 నంబరుది ఒక్క ఊరికే. మొదట్లో దానికోసం ఎగబడొద్దు.

ఈ ఆటలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. మన జిల్లాలో కూర్చుని ఆడితే అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్లాంటు వేలంలో పాడుకుంటే వచ్చేస్తుంది. అది ఎక్కడ కట్టారు, ఎవరి నేల మీద కట్టారు అన్న ప్రశ్నే బల్ల మీద లేదు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపరలో, అదీ చిత్తడి నేలే, అదే కథ. రణస్థలం మండలం కొవ్వాడలో అణు ప్లాంటు కోసం ఊళ్లు లేపే సంగతి ఏళ్లుగా నలుగుతోంది. ఆటలో యురేనియం ముక్క చేతిలోకి తీసుకున్నప్పుడు మా పట్టణం కుర్రాళ్లు ఎవరో ఒకరు "కొవ్వాడ" అనకుండా ఉండరు. అలాగే తుపాను లేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో స్తంభాలన్నీ నేలకొరిగి ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో తెలిసినవాళ్లకి, ఒకసారి వేసిన లైను ఆట చివరిదాకా చెక్కుచెదరదంటే నవ్వొస్తుంది. ఇది ఆట తప్పనను. డబ్బు, ఇంధనం, వరస అన్న మూడింటినే పట్టుకుంది కాబట్టే ఇంత బిగువుగా ఉంది. కాకపోతే పిల్లలతో ఆడేటప్పుడు ఈ లోటు గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

తవ్వే ఆటలే కావాలంటే రెండు చెప్తాను. ఒకటి 2013లో వచ్చిన కోల్ బ్యారన్, క్రామర్, కీస్లింగ్ జంటది. గని లిఫ్టుని కిందికీ పైకీ నడుపుతూ బొగ్గు పైకి తెచ్చి ఆర్డర్లు పంపాలి. పవర్ గ్రిడ్ కంటే తేలిక, పిల్లలకి బాగుంటుంది, కానీ పెద్దవాళ్లకి కొన్ని ఆటల తర్వాత పలచబడుతుంది.

రెండోది బ్యారేజ్, 2019. ఇది బరువైన ఆట, మొదటిదానిగా కొనకండి. పర్వతాల్లో పుట్టిన నీటిచుక్కలు కొండల మీదుగా మైదానానికి దిగుతాయి. మీరు ఆనకట్ట కట్టి, గొట్టం వేసి, పవర్‌హౌస్ పెట్టి ఆ నీటితో కరెంటు తీస్తారు. వాడిన నీరు పోదు, కిందికి జారుతుంది, అక్కడ ఇంకొకరి ఆనకట్ట నోరు తెరుచుకుని ఉంటుంది. మాచ్‌ఖండ్ గురించి విన్న విజయనగరం వాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1955లో మొదలైన ఆ పవర్‌హౌస్ వదిలిన నీరే కింద బలిమెల జలాశయానికి, అక్కణ్నుంచి సీలేరు, డొంకరాయి, మోతుగూడెం దాకా మళ్లీ మళ్లీ పనిచేస్తుంది. బ్యారేజ్‌లో అలాంటి ఒక్కో చోటా ఒక్కో మనిషి, ఒకరంటే ఒకరికి పడదు. అదే ఆట. యంత్రాలని ఒక చక్రం మీద పెట్టి పనికి పంపితే చక్రం పూర్తిగా తిరిగి వచ్చేదాకా అవి చేతికి రావు. ఆ ఎదురుచూపు దగ్గరే కొత్తవాళ్లు విసుగుపడతారు. పవర్ గ్రిడ్ బాగా మరిగాక అటు వెళ్లండి.

పవర్ గ్రిడ్ కొనేటప్పుడు 2019లో వచ్చిన రీచార్జ్‌డ్ కూర్పు దొరికితే అది తీసుకోండి. పటం ఒకవైపు జర్మనీ, మరోవైపు అమెరికా. మొదట జర్మనీ వైపు ఆడండి, అమెరికా పశ్చిమాన లైను ఖర్చులు చుక్కలు చూపిస్తాయి. భారత ఉపఖండం పటం విడిగా ఉంది, 2013లో ఆస్ట్రేలియాతో కలిపి వేశారు, దానికి తొందరలేదు. ఇద్దరే ఆడేవాళ్లయితే ఈ పెట్టె మీద డబ్బు పెట్టకండి, బజారు వేడెక్కడానికి కనీసం ముగ్గురుండాలి, నలుగురైదుగురైతే దివ్యం.

మీ రెండో ఆటకి ఒకటి రెండు ఏర్పాట్లు. నియమం ప్రకారం చేతిలో డబ్బు దాచుకోవచ్చు. మీరు మాత్రం ఈసారి అందరి డబ్బూ బల్ల మీద కనపడేలా పెట్టి ఆడండి. ఎవరు ఎంత కొనగలరో తెలిస్తే వరస విలువ త్వరగా అర్థమవుతుంది. ఆ కాగితం నోట్లు చిరాకు పెడతాయి, పోకర్ చిప్పులుంటే వాడండి. లెక్క చురుగ్గా చేసేవాళ్లకి బ్యాంకు అప్పగించండి, లేదంటే రెండు గంటల ఆట నాలుగు గంటలవుతుంది. రాబడి పట్టిక ఫోనులో ఫొటో తీసి అందరికీ ముందే పంపండి. మీరు మాత్రం మొదటి నాలుగైదు రౌండ్లు వరసలో చివరి ఇద్దరిలో ఉండేలా చూసుకుని, ఒక్క బొగ్గు ప్లాంటుకైనా రెట్టింపు నిల్వ పెట్టుకుని ఆడి చూడండి. అప్పుడు కూడా మూడో స్థానమే వస్తే ఏ రౌండులో ఏం కొన్నారో రాసి పెట్టండి, ఎక్కడ జారిందో చూద్దాం.